ముడి వాళ్ళే వేసుకోవాలి

మా అమ్మాయి స్కౌట్ లాగ్‌బుక్‌లో మూడు పేజీలు నేను రాశాను. ఈ సంగతి ముందే ఒప్పేసుకోవడం మంచిది. కింద గర్వం గురించి చాలా మాట్లాడబోతున్నాను, అందులో ఎంత నమ్మాలో మీరే తేల్చుకోండి.

అప్పుడు దానికి పన్నెండేళ్ళు. మర్నాడు బ్యాడ్జి పరీక్ష. ఆకుల గుర్తులు ఒక పేజీ, ప్రథమ చికిత్స ఒక పేజీ, ముడుల బొమ్మలు ఒక పేజీ, మూడూ ఖాళీ. అది హాయిగా నిద్రపోతోంది. టెన్షన్ దానికి లేదు, నాకుంది. రాత్రి పదకొండున్నరకి లైటు వేసుకుని కూర్చుని, దాని గుండ్రటి చేతిరాతలోనే రాశాను. అనుమానం రాకుండా మధ్యలో రెండు మాటలు తప్పు రాసి కొట్టేశాను కూడా. దొంగతనంలో అంత నైపుణ్యం నాకుందని ఆ రాత్రే తెలిసింది.

మర్నాడు స్కౌట్ మాస్టారు ఆ పేజీలు తిప్పి చూశారు. ఏమీ అనలేదు. పుస్తకం మూసి పక్కన పెట్టి, జేబులోంచి ఒక తాడు తీసి, "ఈ కర్రకి క్లోవ్ హిచ్ ముడి వెయ్యమ్మా" అన్నారు. వేసింది. "ఇప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుని, చూడకుండా వెయ్యి." తాడు రెండుసార్లు చుట్టింది, రెండుసార్లూ జారింది. "వచ్చే నెల చూద్దాంలే" అన్నారు, ఆయన ముఖంలో కోపం కూడా లేదు. దారిలో అది నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఇంటికొచ్చాక స్కేలు ఆనించి ఆ మూడు పేజీలు నీటుగా చింపి, "ఇవి నీవి" అని నా చేతిలో పెట్టింది.

అవి ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

మా ఇంట్లో స్కౌటింగ్ ఇది నాలుగో తరం. వెడల్పు అంచు టోపీ పెట్టుకుని, తనకన్నా పొడుగైన కర్ర పట్టుకుని, నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డ మా తాతయ్య ఫొటో ఒకటి ఉంది. మా నాన్న స్కౌట్, తర్వాత చాలా ఏళ్ళు స్కౌట్ మాస్టరు. నేను గైడ్‌ని, అంటే ఆడపిల్లల స్కౌట్‌ని. తర్వాత మా అమ్మాయి, దాని వెనకాలే మావాడు. నాన్నకి ఈ లెక్క చెప్పడమంటే మహా ఇష్టం. ఎవరైనా దొరికితే చాలు, వేళ్ళు మడిచి మరీ చెబుతాడు. చిన్నప్పుడు నాకు సిగ్గేసేది. ఇప్పుడు నేనూ అదే లెక్క చెబుతున్నాను, నాన్న గొంతులోనే.

మా అమ్మాయి ప్రతిజ్ఞ తీసుకున్న రోజున తల్లిదండ్రుల వరసలో కూర్చున్నాను. కుడిచేయి ఎత్తింది. మూడు వేళ్ళు నిటారుగా, చిటికెన వేలు మీద బొటనవేలు. బలమున్నది బలం లేనిదాన్ని కాయాలి అని ఆ బొటనవేలికి అర్థం చెబుతారు. ఎప్పుడూ వడివడిగా మాట్లాడేది ఆ రోజు ఒక్కో మాటా పట్టి పట్టి పలికింది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. పక్కనావిడ కర్చీఫ్ ఇచ్చింది. గర్వమేనండీ, దాచడానికేముంది.

కానీ ఆ గర్వం దేనికి? నేను చేసిందేమిటి? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా తినేస్తోంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

పొలం అయితే తాత నుంచి మనవడికి వస్తుంది. ఇల్లు వస్తుంది, ఇంటిపేరు వస్తుంది, ముక్కు కూడా వస్తుంది. స్కౌటింగ్ మాత్రం ఒక్క మెట్టు కూడా రాదు. ముత్తాత, తాత, అమ్మ అందరూ స్కౌట్లయిన పిల్లా, స్కౌట్ అన్న మాట ఆ వారమే విన్న పిల్లా ఒకే రోజు ఒకే చోట మొదలుపెడతారు. రీఫ్ నాట్ అనే ముడి దగ్గర. కుడి కొస ఎడమ కొస మీదుగా, మళ్ళీ ఎడమది కుడిదాని మీదుగా. రెండుసార్లూ కుడిదే పైకి వేస్తే అది గ్రానీ నాట్ అయి కూర్చుంటుంది, బరువు పడగానే జారుతుంది. మా ఇంట్లో పుట్టినంత మాత్రాన తాడు మా పిల్లల మాట వినదు. మా అమ్మాయి మొదటి నెలంతా గ్రానీ నాట్లే వేసింది. దాని పక్కనున్న కొత్త పిల్ల రెండోరోజుకే పట్టేసింది. నాన్నకి ఈ సంగతి నేనింతవరకూ చెప్పలేదు.

అసలు మొదటి క్యాంపులోనే ఈ చుట్టరికం గొడవ ఉంది. 1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణ తీరంలో పూల్ రేవుకి ఎదురుగా ఉన్న బ్రౌన్‌సీ దీవిలో స్కౌటింగ్ మొదలుపెట్టిన రాబర్ట్ బేడెన్-పవెల్ ఇరవై మంది అబ్బాయిలతో ఒక ప్రయోగం చేశాడు. వాళ్ళలో కొందరు ఈటన్, హారో లాంటి పెద్దింటి బడుల పిల్లలు. కొందరు పూల్, బోర్న్‌మత్ ఊళ్ళలోని మామూలు కుటుంబాల పిల్లలు, బాయ్స్ బ్రిగేడ్ అనే కుర్రాళ్ళ సంఘం సభ్యులు. ఆ రోజుల్లో ఈ రెండు రకాల పిల్లలూ ఒకే గుడారంలో పడుకోవడమే పెద్ద వింత. వాళ్ళని కలిపేసి తోడేళ్ళు, ఎద్దులు, కర్లూ పిట్టలు, బొంతకాకులు అని నాలుగు జట్లు చేశాడు. తొమ్మిదేళ్ళ తన అన్న కొడుకు డొనాల్డ్‌ని కూడా వెంట తెచ్చాడు. అయితే ఏ జట్టులోనూ వెయ్యలేదు, చిన్నవాడని తన దగ్గరే చిన్నచిన్న పనులకి పెట్టుకున్నాడు. బాబాయే ఉద్యమం పెట్టినా జట్టులో చోటు దొరకలేదన్నమాట! నాకు ఆ కుర్రాడంటే ఎందుకో జాలి.

అసలు రహస్యమంతా ఆ జట్టులోనే ఉంది. దాన్ని పెట్రోల్ అంటారు. (మావాడికి ఆరేళ్ళప్పుడు, అక్క పెట్రోల్ లీడర్ అయిందని చెబితే, "మరి డీజిల్ లీడర్ ఎవరు?" అని అడిగాడు. ఇప్పటికీ ఆ జోకు మా ఇంట్లో నడుస్తూనే ఉంది.) ఆరుగురో ఎనిమిదిమందో పిల్లలు, వాళ్ళలోంచే ఒక నాయకుడు. పెద్దవాళ్ళు ఆ నాయకుడితో మాట్లాడాలి, నాయకుడు జట్టుతో మాట్లాడతాడు. రోలండ్ ఫిలిప్స్ అనే యువకుడు ఈ పద్ధతి మీదే 1914లో ఒక చిన్న పుస్తకం రాసి, రెండేళ్ళ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో సోమ్ దగ్గర చనిపోయాడు. ఆయన పట్టుబట్టింది కూడా దీని గురించే. జట్టు పద్ధతి స్కౌటింగ్‌లో ఒక భాగం కాదు, అదే స్కౌటింగ్.

ఇది పుస్తకాల్లో చదివితే చప్పగా ఉంటుంది. నాకు అర్థమైంది ఒక కొండదారిలో.

అది ఒక రోజు కాలినడక యాత్ర. సాయంగా వచ్చిన నలుగురైదుగురు తల్లిదండ్రులం వెనకాల దూరంగా నడుస్తున్నాం. పిల్లలతో మాట్లాడకూడదని, అడిగితే తప్ప సాయం చెయ్యకూడదని షరతు. మా అమ్మాయి జట్టులో ఒక పిల్ల బాగా వెనకబడింది. బక్కపల్చటి పిల్ల, సంచి దానికన్నా బరువు. ముందున్నవాళ్ళు నడవడం, ఆగడం, ఆ పిల్ల ఆయాసపడుతూ చేరుకోగానే మళ్ళీ బయల్దేరడం. అంటే ముందున్నవాళ్ళకి విశ్రాంతి దొరుకుతోంది, అసలు కావలసిన పిల్లకి దొరకడం లేదు. నాకు చేతులు ఒకటే దురద. వెళ్ళి ఆ సంచి నా భుజాన వేసుకుంటే సరిపోదా అనిపించింది. పక్కనున్న ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపారు.

నాలుగోసారి ఆగినప్పుడు మా అమ్మాయి జట్టుని చుట్టూ నిలబెట్టి ఏదో చెప్పింది. మాకు వినబడలేదు. మళ్ళీ బయల్దేరేటప్పటికి ఆ పిల్ల అందరికన్నా ముందుంది. సంచి దాని భుజానే ఉంది, కానీ లోపలి నీళ్ళ సీసాలు మరో ఇద్దరి చేతుల్లోకి మారాయి. ఇప్పుడు ఆ పిల్ల నడకే జట్టు నడక. ఎవరూ ఆగనక్కర్లేదు. దారి పొడుగునా ఆ పిల్ల ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

అందరికన్నా నెమ్మదైనవాళ్ళని ముందు నడిపించడం కొండలెక్కేవాళ్ళందరికీ తెలిసిన కిటుకేనని తర్వాత తెలిసింది. మా అమ్మాయి కనిపెట్టిందేమీ కాదు. ఎవరు నేర్పారని అడిగితే, "ఎవరో సీనియర్ చెప్పింది, గుర్తులేదు" అంది. నేను మాత్రం నేర్పలేదు. నేనైతే సంచి మోసేదాన్ని. నేను సంచి మోసి ఉంటే ఆ పిల్ల కొండ ఎక్కేది, కానీ ఎవరో మోస్తే ఎక్కిన పిల్లగా మిగిలిపోయేది.

కాబట్టి తల్లిదండ్రుల గర్వానికి ఈ వ్యవహారంలో ఉన్న చోటు చాలా చిన్నది. వెనకాల, దూరంగా, నోరు మూసుకుని నడిచేంత చోటు. ఆ చోట నిలబడగలిగితే గర్వపడొచ్చు. నిలబడలేనివాళ్ళు లాగ్‌బుక్కులు రాస్తారు.

ఇలాంటి మాటలు చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు, "అదంతా సైన్యం తంతే కదండీ, యూనిఫామూ, వరసలూ, సెల్యూట్లూ" అంటారు. మా ఆఫీసులో ఒకాయన మరీ ముఖం మీదే అన్నారు, పిల్లలకి చిన్నప్పటి నుంచీ విధేయత నూరిపోస్తున్నారని. దీనికి నాన్నలా కోపం తెచ్చుకుని లాభం లేదు. పుట్టుక అక్కడిదే మరి. బేడెన్-పవెల్ వలస సామ్రాజ్యపు సైన్యాధికారి. 1899 అక్టోబరు నుంచి 1900 మే దాకా దక్షిణాఫ్రికాలో మఫెకింగ్ ఊరిని 217 రోజులు బోయర్లు (అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతివాళ్ళు) ముట్టడిస్తే దాన్ని కాపాడి పేరు తెచ్చుకున్నాడు. ఆ ముట్టడిలో స్థానిక ఆఫ్రికన్లకి తిండి పంపకంలో జరిగిన అన్యాయం గురించి చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. సైనికుల కోసం ఆయన రాసిన చిన్న పుస్తకాన్ని ఇంగ్లండులో పిల్లలూ టీచర్లూ ఆటలకి వాడుకుంటున్నారని తెలిశాకే పిల్లల కోసం వేరేగా రాయాలన్న ఆలోచన వచ్చింది. అదే 1908లో పదిహేను రోజులకొక భాగం చొప్పున ఆరు భాగాలుగా వచ్చింది. 2020 జూన్‌లో, పూల్ రేవులో బ్రౌన్‌సీ వైపు చూస్తూ కూర్చున్న ఆయన విగ్రహాన్ని కొన్నాళ్ళు తీసి దాచాలని అక్కడి కౌన్సిల్ అనుకుంది. కొందరు స్థానికులూ పాత స్కౌట్లూ దాని చుట్టూ కాపలా కూర్చున్నారు. చివరికి చుట్టూ చెక్కలు కొట్టి ఉంచారు. నాన్న అయితే తప్పకుండా ఆ కాపలాలో కూర్చునేవాడు. నేను కూర్చునేదాన్ని కాదు. మనిషి మీద నాకు అంత భక్తి లేదు. ఆయన చేసిన మంచి పని ఆయన కన్నా పెద్దదైపోయింది, అది చాలు.

విధేయత మాటకొస్తే మాత్రం ఒప్పుకోను. స్కౌట్ల పైపై సరంజామా అంతా నియంతలు ఎప్పుడో కాపీ కొట్టారు. హిట్లర్ యువజన సంఘానికి టెంట్లున్నాయి, స్కార్ఫులున్నాయి, క్యాంప్ ఫైర్లున్నాయి. 1922లో మొదలైన సోవియట్ పిల్లల సంఘం పయొనీర్లయితే 'సిద్ధంగా ఉండు' అన్న స్కౌట్ల నినాదం కూడా తీసేసుకుని, 'ఎప్పుడూ సిద్ధమే' అని దానికో జవాబు చేర్చారు. మరి అంతా ఒకటే అయితే అసలు స్కౌట్ దళాలని ఎందుకు రద్దు చేసినట్టు? హిట్లర్ జర్మనీలోనూ రద్దు చేశారు, సోవియట్ దేశంలోనూ రద్దు చేశారు. ఎనిమిదిమంది పిల్లలు తమలోంచే ఒకళ్ళని నాయకుడిగా పెట్టుకుని, పెద్దవాళ్ళు చూడని చోట తమ పని తాము చేసుకుంటే అది పై నుంచి కింద దాకా ఒకే మాట నడవాలనుకునేవాళ్ళకి గిట్టదు. 1944లో పోలండ్ రాజధాని వార్సాలో హిట్లర్ సైన్యం మీద తిరుగుబాటు జరిగినప్పుడు బాంబులు పడుతున్న వీధుల్లో ఇళ్ళ మధ్య ఉత్తరాలు మోసింది రహస్యంగా నడిచిన స్కౌట్ జట్లలోని పిల్లలే. విధేయత నూరిపోస్తే వచ్చే ధైర్యం కాదది.

సరే, ఆఫీసులో ఆయనకి ఇంత చెప్పలేదనుకోండి. ఏదో నవ్వి ఊరుకున్నాను. ఇవన్నీ ఎప్పుడూ రాత్రి పడుకున్నాకే గుర్తొస్తాయి.

ఇంకో రకం తల్లిదండ్రులున్నారు, వాళ్ళతోనే నాకు అసలు పేచీ. సర్టిఫికెట్ కోసం పంపేవాళ్ళు. "చంద్రుడి మీద మొదట కాలు పెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్ ఈగిల్ స్కౌట్ తెలుసా" అంటారు. నిజమే, ఆయన ఈగిల్ స్కౌటే, అంటే అమెరికా స్కౌట్లలో అన్నిటికన్నా పై మెట్టు. కానీ ఈగిల్ స్కౌట్లయి చంద్రుడి మీదకి వెళ్ళకుండా హాయిగా బతికినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. బ్యాడ్జిలు ఎన్ని వచ్చాయని లెక్కపెట్టుకోవడం, పక్క పిల్లకి ముందొస్తే మాస్టార్ని నిలదీయడం, పరీక్ష రోజు కిటికీలోంచి సైగలు చెయ్యడం, ఇవన్నీ చూశాను. ఆ రాత్రి పదకొండున్నరకి నేనూ ఆ గుంపులోని మనిషినే కాబట్టి ఎక్కువ అనలేను.

నాన్నతో నాకు గట్టిగా చెడింది ఇంకో విషయంలో. అమెరికాలో బాయ్ స్కౌట్స్ సంస్థ 2020 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. చిన్నప్పుడు స్కౌట్ల మధ్య తమ మీద లైంగిక అకృత్యాలు జరిగాయని 82,000 మందికి పైగా ముందుకొచ్చి చెప్పారు. వాళ్ళకి పరిహారం కింద దాదాపు 246 కోట్ల డాలర్ల నిధి ఏర్పాటైంది. నేను ఆ వార్త చదివి నాన్నకి ఫోన్ చేశాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా రోజుల్లో అలాంటివి లేవమ్మా" అన్నాడు.

"లేవని నీకెలా తెలుసు నాన్నా? చెప్పుకోడానికి పిల్లలకి చోటు లేదేమో."

"నేనూ మాస్టర్నే. నన్ను కూడా అనుమానిస్తావా?"

ఆ మాటతో ఫోన్ పెట్టేశాడు. రెండు వారాలు మాట్లాడలేదు.

నేను నాన్నని అనుమానించలేదు. కానీ నాన్న మీదున్న నమ్మకాన్ని నాన్న వేసుకున్న స్కార్ఫ్ మీదికి పొడిగించలేను. సరిగ్గా ఆ పొడిగింపే ఆ 82,000 మందినీ ముంచింది. స్కార్ఫ్ వేసుకున్నవాడు మంచివాడై తీరతాడని ఎందరో అమ్మానాన్నలు గర్వంతోనే నమ్మి, గర్వంతోనే పిల్లల్ని పంపించారు. ఇప్పుడు చాలా దేశాల్లో పెద్దవాళ్ళు ఒక్కరే పిల్లలతో ఒంటరిగా ఉండకూడదన్న నిబంధన ఉంది. క్యాంపయినా, ప్రయాణమయినా కనీసం ఇద్దరు పెద్దలు. మా పిల్లల ట్రూప్‌లో చేరేటప్పుడు నేను మొదట అడిగింది అదే. ఎవరెవరు వస్తారు, ఎవరెక్కడ పడుకుంటారు, పిల్లలకి ఇబ్బంది కలిగితే ఎవరికి చెప్పాలి, నాకు ఎవరు చెబుతారు. మాస్టారు నొచ్చుకుంటారేమో అనుకున్నాను. ఆయన జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఒక్కోదానికీ జవాబు చెప్పారు. ఇలా అడిగేవాళ్ళు తక్కువమ్మా అన్నారు. నాలుగు తరాల వాళ్ళం కదా, మేమే ఎక్కువ అడగాలి. ఇంటిని ప్రేమించేవాడే గోడలో చెమ్మ ఎక్కడుందో వెతుకుతాడు.

ఆడపిల్లల సంగతి కూడా అంతే. నాన్న లెక్కలో వేళ్ళు మడిచేటప్పుడు మా తాతయ్య చెల్లెలు రాదు. ఆవిడకీ కర్రపట్టుకుని అడవిలో నడవాలనుండేదట, ఎవరూ పంపలేదు. 1909 సెప్టెంబరులో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర వేలమంది అబ్బాయిలు చేరిన సభకి కొందరు ఆడపిల్లలు సొంతంగా టోపీలూ స్కార్ఫులూ కట్టుకుని వచ్చేశారు. మేమూ స్కౌట్లమే అన్నారు. ఎవరూ పిలవలేదు. ఆ మరుసటి ఏడాది గర్ల్ గైడ్స్ పెట్టి, బాధ్యత బేడెన్-పవెల్ చెల్లెలు ఆగ్నెస్‌కి అప్పగించారు. ఆ పిల్లలు పిలుపు కోసం ఇంట్లో కూర్చుని ఉంటే నేను గైడ్‌ని అయ్యేదాన్ని కాదేమో. మా తాతయ్య చెల్లెలి పేరు ఇప్పుడు నేను లెక్కలో చేరుస్తున్నాను. నాన్న ఏమీ అనడు, కానీ వేలు మాత్రం మడవడు.

ఇక మావాడి సంగతి. ఇందాక చెప్పకుండా దాటేశాను.

పోయినేడాది వాడు మానేస్తానన్నాడు. వాడికి పన్నెండు. చిన్నపాటి గొడవ కూడా లేదు. ట్రూప్‌లో స్నేహితులున్నారు, మాస్టారంటే ఇష్టం, టెంటు వెయ్యడంలో అందరికన్నా చురుకు. ఒక ఆదివారం పొద్దున బూట్లు కట్టుకుంటూ మధ్యలో ఆపి, "అమ్మా, నాకు ఇది నచ్చట్లేదు. నాకు బొమ్మలు వేసుకోవాలనుంది" అన్నాడు.

నేను సరిగ్గా ప్రవర్తించలేదు. ముందు బుజ్జగించాను. తర్వాత, "మీ తాతయ్యకి నువ్వే చెప్పు" అని బెదిరించాను. తర్వాత ఈ ఏడాది పూర్తిచెయ్యి, ఆ తర్వాత చూద్దాం అని బేరం పెట్టాను. వాడు మూడు వారాలు వెళ్ళాడు. మూడో వారం తీసుకురావడానికి కాస్త ముందే వెళ్ళి, గేటు దగ్గర నిలబడి చూశాను. అందరూ గుండ్రంగా నిలబడి పాట పాడుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. మావాడి చేతులు కూడా కలుస్తున్నాయి, కానీ చప్పుడు లేదు. వాడి చప్పట్లకి చప్పుడు లేదని అంత దూరం నుంచీ నాకు తెలిసింది.

ప్రపంచ స్కౌట్ సంస్థ తన నిర్వచనంలో మొదట రాసుకున్న మాట స్వచ్ఛందం అని. ఐదు కోట్లకు పైగా పిల్లలూ పెద్దలూ ఉన్న ఉద్యమంలో ఎవరినీ బలవంతంగా చేర్చుకోకూడదు. ప్రతిజ్ఞ కూడా చూడండి, 'నా గౌరవం మీద' అని మొదలవుతుంది. నాన్న గౌరవం మీద కాదు, ఇంటిపేరు గౌరవం మీద కాదు. తర్వాత 'చేస్తాను' అని కూడా అనరు, 'శాయశక్తులా ప్రయత్నిస్తాను' అంటారు. ఇన్నేళ్ళు ఆ మాటలు పలికాను, పలికించాను, ఆ గేటు దగ్గర నిలబడ్డప్పుడే వాటిని సరిగ్గా విన్నట్టుంది. వద్దన్న పిల్లాడి చేత మూడు వేళ్ళు ఎత్తించడమంటే వాడి చేత అబద్ధమాడించడం. స్కౌటింగ్ మీద ప్రేమతోనే నేను వాణ్ణి స్కౌట్‌గా చెడగొడుతున్నాను.

ఆ తర్వాతి వారం నుంచి పంపలేదు.

నాన్నకి చెప్పింది మాత్రం నేనే. వాడి మీద పెట్టలేదు. నాన్న విని, "నువ్వు గట్టిగా చెప్పాల్సింది. పిల్లలు అలాగే అంటారు, నువ్వూ అన్నావు ఒకసారి" అన్నాడు. నేనెప్పుడన్నానో నాకు గుర్తులేదు. నాన్నే కల్పించి ఉండొచ్చు. లేదా నేను నిజంగానే అని ఉండొచ్చు, నాన్న గట్టిగానే చెప్పి ఉండొచ్చు. అదే నిజమైతే నా గైడింగులో ఎంత నాది, ఎంత నాన్నది? ఈ ప్రశ్న కెలక్కుండా వదిలేశాను.

నాన్న ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోడు. ప్రతి ఆదివారం ఫోన్లో చివర, "వాడేమన్నా మళ్ళీ వెళ్తానంటున్నాడా?" అంటాడు. "లేదు నాన్నా" అంటాను. "సర్లే" అంటాడు. వాడి కోసం దాచి ఉంచిన తన పాత స్కార్ఫ్ గురించి ఇద్దరం మాట్లాడం. అది అక్కడే నాన్న బీరువాలో ఉంది.

పోయిన నెల మా అమ్మాయికి కొత్త బ్యాడ్జి వచ్చింది. పరీక్ష ఎప్పుడైందో, ఏమడిగారో నాకు తెలియదు. రెండు రోజుల తర్వాత ఉతికిన బట్టలు మడతపెడుతుంటే యూనిఫాం చేతి మీద కనబడింది. తనే కుట్టుకుంది. వంకరగా ఉంది, ఒకవైపు కుట్లు దగ్గరదగ్గరగా, ఇంకోవైపు బారలు బారలుగా, దారం రంగు కూడా కలవలేదు. సూది, సరైన రంగు దారం, కత్తెర తెచ్చుకుని కూర్చున్నాను. విప్పి మళ్ళీ కుట్టడానికి పది నిమిషాలు చాలు, దానికి తెలియను కూడా తెలియదు.

ఎదురుగా మావాడు నేల మీద బోర్లా పడుకుని బొమ్మ వేసుకుంటున్నాడు. తలెత్తకుండానే, "అమ్మా, అది అక్కది" అన్నాడు.

కత్తెర డబ్బాలో పెట్టేసి, చొక్కా మడతపెట్టాను.